పాత మోటారు సైకిలు – ఇంట్లో ఉండవలసిన పనిముట్లు

(మన సంఘం వార్షిక సమావేశంలో మధ్యాహ్నం కార్యక్రమంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



భోజనాలైన తరువాత నన్ను మాట్లాడమనడం కార్యదర్శిగారి గడుసుతనం. ఉదయం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు చాలా గంభీరంగా చర్చించారు. నా విషయం అంత గంభీరమైనది కాదు. అయినా ఈ హాలు బయట నిలబెట్టిన బండ్లు లెక్కపెట్టి వచ్చాను. మోటారు సైకిళ్లే ఎక్కువ, అందులో కొత్తవి వేళ్ల మీద లెక్కించవచ్చు. మనమంతా సాయంత్రం వాటి మీదనే ఇళ్లకు చేరాలి.

రిటైరైన తరువాత షోరూముకు పోయి కొత్త బండి కొనేవారు మనలో తక్కువ. అబ్బాయి కారు కొనుక్కుని వదిలిపెట్టినదో, అల్లుడుగారు బదిలీ మీద పోతూ ఇచ్చి వెళ్లినదో, వీధి చివర మెకానిక్ ద్వారా బేరమాడి కొన్నదో ఉంటుంది. ఎలా వచ్చినా ఆ బండికి మనం రెండో యజమానులమో, మూడో యజమానులమో. అంతకుముందు దాన్ని ఎవరు ఎలా నడిపారో, ఎవరు ఏ నట్టు ఎలా విప్పారో మనకు తెలియదు. దాని చరిత్ర కాగితాల మీద ఉండదు, బండి ఒంటి మీద ఉంటుంది. అది చదవడానికి కొన్ని పనిముట్లు కావాలి.

ఒక మాట ముందే చెబుతాను. మిమ్మల్ని మెకానిక్‌లు కమ్మని నేను అనడం లేదు. ఈ వయసులో ఇంజను విప్పనక్కరలేదు. మెకానిక్ కూలి మిగుల్చుకోవడానికి కూడా కాదు, అది కొంత మిగిలితే మంచిదే. నెలకు ఒక్కసారి బండిని మన చేత్తో ముట్టుకుని చూడాలి. చైను వదులైందా, బ్రేకు అరిగిందా, టైరులో గాలి ఉందా అని చూడాలి. గ్యారేజీలో 32 ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: చేతికి అందేచోట పనిముట్టు లేనివాడు బండి వంక చూడడు. ఏదో చప్పుడు వచ్చి ఆగిపోయాకే చూస్తాడు. బ్రేకు విషయంలో అలా ఆగి చూసే అవకాశం మనకు ఉండకపోవచ్చు.

ఇక పనిముట్ల సంగతి. బజారులో నలభై ముక్కలు, అరవై ముక్కలు ఉన్న పెట్టెలు తళతళలాడుతూ అమ్ముతారు. అవి కొనకండి. అందులో సగం మన బండికి పట్టవు, పట్టే సగం మెత్తటి ఇనుముతో చేసినవి. రెండోసారి బిగించేసరికి పానా నోరు తెరుచుకుంటుంది. (పానా అంటే స్పానరే, మా గ్యారేజీ మాట.) క్రోమ్ వనేడియం ఉక్కుతో చేసినవి, టపారియా లాంటి పేరున్న కంపెనీవి, ఆరేడు ముక్కలు విడిగా ఏరి కొనుక్కుంటే మన తరువాత మనవలు కూడా వాడతారు.

ఏ సైజులు కొనాలి అన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఇక్కడ కాస్త నిదానంగా వినండి. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే పాత మోటారు సైకిళ్లు జపాను సంప్రదాయంలో పుట్టినవి. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి.100, అదే సంవత్సరం వచ్చిన యమహా ఆర్.ఎక్స్.100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఇవన్నీ ఆ కోవలోనివే. స్ప్లెండర్‌ను 2011 నుండి హీరో మోటోకార్ప్ పేరుతో అమ్ముతున్నారు. జపాను వారి లెక్కలో నట్ల తలలు 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్లుగా వస్తాయి. ఐరోపా లెక్క వేరు. 8 మి.మీ. మందం ఉన్న బోల్టుకు జపాను వారు 12 తల పెడితే, ఐరోపా వారు 13 తల పెడతారు. మనలో చాలామంది ఉద్యోగకాలమంతా నడిపిన బజాజ్ చేతక్ ఇటలీ వారి వెస్పా సంతతి. అందుకే ఆ స్కూటరుకు 11, 13 పానాలు కావలసి వచ్చేవి. ఇంట్లో స్కూటరు కాలం నాటి పానాలు ఉన్నాయి కదా, అవే సరిపోతాయనుకుని 12 నట్టుకు 13 పానా వేసి తిప్పేవారు ఉన్నారు. ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. నట్టు ఆరు మూలలూ అరిగి గుండ్రమవడానికి ఆ ఒక్క మిల్లీమీటరు చాలు. పాత బుల్లెట్ ఉన్నవారి సంగతి మరీ వేరు. వాటికి బ్రిటిషు వారి అంగుళాల లెక్క నట్లు ఉంటాయి, మిల్లీమీటరు పానాలు సరిగా కూర్చోవు. ఆ బండి ఉన్నవారు ప్రత్యేకంగా అంగుళాల సెట్టు పెట్టుకోవలసిందే.

కాబట్టి మామూలు 100 సి.సి. బండికి 8–10, 12–14 రెండు వైపులా రింగు ఉన్న పానాలు, 17 ఒకటి కావాలి. వెనక చక్రం ఇరుసు నట్టు ఒక్కొక్క బండికి ఒక్కొక్క సైజులో ఉంటుంది. దుకాణానికి బండి మీదనే వెళ్లి, నట్టు మీద పెట్టి చూసి కొనండి. ఆ ఇరుసుకు రెండో వైపు తిరగకుండా పట్టుకోవడానికి ఇంకో పానా కావలసి వస్తుంది, అదీ అప్పుడే చూసుకోండి.

రింగు పానా అని ఎందుకు అంటున్నానంటే, నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది. రింగు చుట్టూ పట్టుకుంటుంది, జారదు. మన వయసులో పానా జారితే పగిలేది నట్టు ఒక్కటే కాదు. వేళ్ల కణుపులు సైలెన్సరుకు తగిలి చీరుకుపోతాయి. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. మనకు చిన్న గాయమైనా రక్తం త్వరగా ఆగదు. అందుకని పనిముట్ల లెక్కలో మొదటిది ఒక జత మందపాటి చేతితొడుగులు అని రాసుకోండి. రెండోది కళ్లజోడు. తలుపు సందులో ఫీలర్ గేజి అంకెలు చదవలేక చత్వారపు అద్దాల కోసం ఇల్లంతా వెతికే పని ఉండదు.

పానాను ఎప్పుడూ మన వైపు లాగండి, అవతలికి తోయకండి. లాగేటప్పుడు జారితే చెయ్యి మన ఒళ్లోకి వస్తుంది. తోసేటప్పుడు జారితే మనిషే బండి మీద పడతాడు. కీళ్లనొప్పులున్నవారికి 'టి' ఆకారపు పానా మంచిది. రెండు చేతులతో పట్టుకోవచ్చు, మణికట్టు మీద భారం పడదు. గట్టిగా పట్టేసిన నట్టుకు ఒక పొడుగు పానా బలం చాలకపోతే, తుప్పు వదిలే నూనె చల్లి ఒక రాత్రి వదిలేయండి. పానాకు గొట్టం తొడిగి బలం పెట్టడం విప్పేటప్పుడు ఎప్పుడైనా తప్పకపోవచ్చు, బిగించేటప్పుడు మాత్రం పనికిరాదు. ఇంజను అల్యూమినియంతో చేసింది. ఆయిలు వదిలే బోల్టును మరీ బిగిస్తే లోపలి మరలు ఊడి వస్తాయి. అప్పుడు ఖర్చయ్యేది పానా ధర కాదు, కొత్త క్రాంక్ కేసు ధర.

తరువాత స్క్రూడ్రైవర్లు. మైనస్ ఒకటి చాలు. స్టార్ మాత్రం మంచిది కావాలి, రెండో నంబరు కొన ఉన్నది. పాత జపాను బండ్ల స్క్రూల గాడి మామూలు స్టార్ గాడి కంటే కొద్దిగా తేడాగా ఉంటుంది. మామూలు స్టార్ డ్రైవరు కొన అందులో అడుగు వరకు కూర్చోదు. బలం పెట్టగానే పైకెక్కి జారి గాడిని తినేస్తుంది. ఆర్.ఎక్స్.100 ఇంజను మూతలకు, చాలా బండ్ల కార్బురేటర్లకు ఇలాంటి స్క్రూలే ఉంటాయి. తల చెడిన స్క్రూ కనబడితే మీరు దాని జోలికి పోకండి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ మెకానిక్ దగ్గర ఉంటుంది, రెండు దెబ్బల్లో వస్తుంది.

ఈ చెడిన తలలు, గుండ్రమైన నట్లు మరో పనికి పనికొస్తాయి. పాత బండి కొనబోయేటప్పుడు రంగు చూడకండి, నట్ల తలలు చూడండి. ఇంజను మూత నట్లన్నీ మూలలు పదునుగా ఉంటే ఆ బండిని జ్ఞానం ఉన్నవాడు ముట్టుకున్నాడు, లేదా ఎవరూ ముట్టుకోలేదు. సగం అరిగి, రకరకాల కొత్త బోల్టులు కలిసి ఉంటే ఆ ఇంజను చాలా చేతులు మారింది. అలాగే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు వెళ్లేసరికే అది వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కావడానికి పడే అవస్థ మీకు కనబడకూడదని అమ్మేవాడు ముందే తిప్పి ఉంచి ఉండవచ్చు. మరోరోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి. ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకువెళ్తే పెట్రోలు ట్యాంకు మీద అక్కడక్కడా పెట్టి చూడవచ్చు. పట్టని చోట రంగు కింద పుట్టీ ఉంది. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పువ్వు బాగానే కనబడినా రబ్బరు ఎండి పగుళ్లు వేసిన టైరు వర్షంలో నిలబడదు.

ఇక ప్లగ్ పానా. బండితో కంపెనీ ఒక చిన్న పనిముట్ల సంచి ఇస్తుంది, అందులో ప్లగ్ పానా ఉంటుంది. చేతులు మారిన బండిలో మొదట మాయమయ్యేది ఆ సంచే. హీరో హోండా 100 సి.సి. బండ్లకు 16 మి.మీ. ప్లగ్ పానా కావాలి. ఆర్.ఎక్స్.100కు, పాత చేతక్‌కు 21 పడుతుంది. ఒకటి ఇంకొకదానికి పట్టదు. ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే ప్లగ్ విప్పాలి. విప్పే ముందు ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని గుడ్డపీలికతో తుడవండి, లేకపోతే అది సిలిండరులో పడుతుంది.

ప్లగ్ కొన చూస్తే ఇంజను ఆరోగ్యం కొంత తెలుస్తుంది. డాక్టరు నాలుక చూపించమన్నట్టే. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడిగా, మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. ఫోర్ స్ట్రోక్ బండిలో నూనెతో తడిసి నల్లగా ఉంటే ఇంజను ఆయిలు కాలుతోంది. పిస్టన్ రింగులో, వాల్వు గైడులో అరిగాయి, మెకానిక్‌కు చూపించాలి. తెల్లగా కాలినట్టుంటే ఇంజను అతిగా వేడెక్కుతోంది. కొనల మధ్య సందు కొలవడానికి ఫీలర్ గేజి అనే పలుచని రేకుల కట్ట ఉంటుంది. పాత 100 సి.సి. బండ్లకు 0.6 నుండి 0.7 మి.మీ. సాధారణం. తరువాతి వాటిలో కొన్నిటికి 0.8 నుండి 0.9 ఉంటుంది. బండి పుస్తకంలో ఏది ఉంటే అదే నిజం. తిరిగి బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే పూర్తిగా తిప్పండి. వేళ్లకు తిరగకపోతే మర వంకరగా పట్టిందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. వేళ్లతో ఆగిన తరువాత కొత్త ప్లగ్ అయితే పానాతో అర చుట్టు, పాతదే అయితే ఎనిమిదో వంతు చుట్టు. అంతే.

2020 ఏప్రిల్ నుండి అమ్మిన బి.ఎస్.6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు, కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్ముతుంది. అవి కూడా ఇప్పుడు చేతులు మారుతున్నాయి. వాటికీ ప్లగ్, చైను, బ్రేకు, టైరు పనులు ఇవే. మిగతా తీగల జోలికి పోకండి. కార్బురేటర్ ఉన్న పాత బండి ఉన్నవారు పెట్రోలు గొట్టాన్ని నెలకోసారి వేళ్లతో నొక్కి చూడండి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుండి బంకుల్లోకి వచ్చింది. పాత రకం రబ్బరుకు అది అంతగా పడదు. గొట్టం మెత్తబడినా, జిగురుగా ఉన్నా, పగుళ్లు కనబడినా మార్చేయండి. పెట్రోలు కారి వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

చైను గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, మీరు విసుక్కోవద్దు. బండిని సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, కింది చైనును మధ్యలో వేలితో పైకి కిందికి ఆడిస్తే మొత్తం కదలిక సుమారు 20 నుండి 30 మి.మీ. ఉండాలి, అంటే అంగుళం దాపు. చైనుకు పూర్తి కవరు ఉన్న బండ్లలో కింద రబ్బరు మూత ఉంటుంది, అది తీసి వేలు పెట్టి చూడవచ్చు. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే చైను సమంగా అరగలేదు, ఎంత సరిచేసినా నిలవదు, చైనును రెండు పళ్లచక్రాలతో సహా మార్చాలి. కొలవడానికి మనవడి స్కూలు స్కేలు చాలు, అది కూడా ఒక పనిముట్టే. వదులు సరిచేసేటప్పుడు రెండు వైపులా గీతలు సమానంగా ఉండేటట్టు చూడాలి. లేకపోతే వెనక చక్రం వంకరగా నడుస్తుంది. అయిన తరువాత ఇరుసు నట్టు బిగించామా లేదా అని రెండోసారి చూడండి. కాటర్ పిన్ ఉన్న బండి అయితే కొత్త పిన్ పెట్టండి. చైను లింకు లాకు ఉంటే దాని మూసిన తల చైను ముందుకు తిరిగే దిశకు ఉండాలి. తిరగవేసి పెడితే ఏదైనా తగిలి ఊడిపోతుంది.

చైను తుడిచేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి. తాళం తీసి జేబులో వేసుకోండి. కొంతమంది బండిని స్టాండు వేసి గేరులో నడిపిస్తూ గుడ్డ పట్టుకుని చైను తుడుస్తారు, పని త్వరగా అవుతుందని. ఆ గుడ్డ పళ్లచక్రంలో చిక్కుకుంటే వేళ్లను కూడా తీసుకుపోతుంది. కణుపు పోయిన వేళ్లు ఈ వృత్తిలో నేను చాలా చూశాను. ఇంట్లో పిల్లలుంటే వారిని పక్కన కూర్చోబెట్టుకుని చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవడం నేర్పండి. పాత టూత్ బ్రష్, కిరసనాయిలు లేదా డీజిలు, పొడి గుడ్డ, తరువాత 90 నంబరు గేరు ఆయిలు చుక్కలు చుక్కలుగా వేస్తే చాలు. పెట్రోలుతో కడగవద్దు. దేవుడి గదిలో దీపం వెలుగుతూ ఉంటుంది, వరండాలో ఎవరో బీడీ ముట్టిస్తారు. పెట్రోలు ఆవిరి నేలబారుగా ప్రాకి అక్కడిదాకా పోతుంది. కిరసనాయిలు పోయడానికి వంటింటి గిన్నె మాత్రం తీసుకోకండి. ఆ విషయంలో మన సంఘం ఏ సభ్యుడికీ న్యాయసహాయం చేయలేదు.

బ్రేకు. డ్రమ్ము బ్రేకు ఉన్న చాలా బండ్లలో బ్రేకు చేయి దగ్గర చిన్న బాణం గుర్తు, పక్కన ప్లేటు మీద ఇంకో గుర్తు ఉంటాయి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు బాణం ఆ గుర్తుకు చేరితే లోపలి బ్రేకు షూలు అయిపోయాయని లెక్క. ఇంకా రాడ్డు నట్టు బిగించుకుంటూ పోయి లాభం లేదు. ఈ గుర్తు ఉన్న సంగతి ఎన్నో ఏళ్లుగా బండి నడిపేవారికే తెలియదు. దీనికి పనిముట్టు ఒక టార్చిలైటు మాత్రమే. నెలకోసారి వేసి చూడండి. పెడలు ఆటను సరిచేసే నట్టు చేత్తోనో, 14 పానాతోనో తిరుగుతుంది. సరిచేసిన తరువాత చక్రం ఎత్తి తిప్పి చూడాలి, స్వేచ్ఛగా తిరగాలి. షూలు మార్చేటప్పుడు మెకానిక్ గాలి గొట్టంతో ఆ దుమ్ము ఊదుతుంటే దూరంగా నిలబడండి. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమని చెప్పండి.

టైరు గాలికి పెన్ను ఆకారపు గేజి ఒకటి కొనండి. ఈ మొత్తం జాబితాలో ఒకటే కొనగలనంటే నేను అదే కొనమంటాను. పెట్రోలు బంకులో గేజి ఎప్పుడు ఏమి చెబుతుందో ఎవరికీ తెలియదు. స్ప్లెండర్ లాంటి బండికి ముందు 25, వెనక ఒక్కరైతే 28, వెనక మనిషి ఎక్కితే 41 దాపు పౌండ్లు. ఇంటావిడను ఎక్కించుకుని గుడికి వెళ్లే రోజు వెనక గాలి పెంచుకోవాలన్నమాట. ఈ ఒక్క లెక్కా మనం పాటించం. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

ఇంజను ఆయిలు చూడటానికి పనిముట్టు బండిలోనే ఉంది. మూతకు ఉన్న పుల్లే అది. చదును నేల మీద సెంటర్ స్టాండు వేసి, ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, పుల్ల తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. హోండా జాతి బండ్లలో అప్పుడు మూతను మర తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి చూడాలి. బిగిస్తే లేని ఆయిలు ఉన్నట్టు కనబడుతుంది. మార్చేటప్పుడు ఈ బండ్లకు సుమారు 900 మిల్లీలీటర్లు పడుతుంది. దుకాణంలో ఆ కొలతతోనే డబ్బా అమ్ముతారు. కారుకు మిగిలిన ఆయిలు పోయకండి. మోటారు సైకిలులో క్లచ్చి కూడా అదే ఆయిలులో మునిగి ఉంటుంది, కారు ఆయిలులోని జారుడు మందులకు క్లచ్చి పట్టు తప్పవచ్చు. డబ్బా మీద జె.ఎ.ఎస్.ఒ., ఎం.ఎ. అనే అక్షరాలు చూసుకోండి. తీసిన పాత ఆయిలును కాలువలో పారబోయకుండా సీసాలో పోసి మెకానిక్ షాపులో ఇవ్వండి.

బ్యాటరీకి 10 పానా, చిన్న మల్టీమీటరు. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 ఓల్టులు చూపితే నిండుగా ఉంది. ఇంజను కాస్త వేగంగా నడుస్తుండగా 14 దాపు చూపితే చార్జింగు బాగుంది. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు, బిగించేటప్పుడు మైనస్ తీగ ఆఖరున. బండి ఛాసిస్ మొత్తం మైనస్‌కు కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పబోతే పానా ఛాసిస్‌కు తగిలి నిప్పులు చిమ్ముతాయి. నీళ్లు పోసే పాత రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరు తప్ప ఇంకేదీ పోయకండి. ఆర్.ఓ. నీళ్లు డిస్టిల్డ్ వాటరు కాదు.

ఎయిర్ ఫిల్టరు సంగతి ఒక్క ముక్క. స్పాంజి రకం అయితే కడిగి, ఆరబెట్టి, ఆయిలు పట్టించి పెట్టవచ్చు. నూనె పట్టించిన కాగితం రకం అయితే కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే.

మన చేతిలో పెట్టుకోకూడని పనులు కూడా చెబుతాను. టాపెట్లు, కార్బురేటర్ లోపలి భాగాలు, ముందు ఫోర్కులు, చక్రాల బేరింగులు, డిస్కు బ్రేకు ద్రవం, వీటికి పనిముట్లు దొరుకుతాయి గాని చెయ్యి తిరిగి ఉండాలి. ముఖ్యంగా బ్రేకుకు సంబంధించినది ఏది విప్పినా ఆ పని తెలిసినవాడే విప్పాలి. కాని మనం ముందు చూసి వెళ్తే మెకానిక్‌తో మాట్లాడే తీరు మారుతుంది. "ఏదో చప్పుడు వస్తోంది బాబూ, చూడు" అనడానికి, "చైను ఒకచోట బిగుతుగా ఉంది, వెనక బ్రేకు బాణం గుర్తు దాటింది" అనడానికి తేడా ఉంది. మొదటి మాటకు అతను బిల్లు రాస్తాడు, రెండో మాటకు పని చేస్తాడు.

ఇంకో విషయం, వయసు గురించి. సెంటర్ స్టాండు వేయడానికి చేతులతో బండిని ఎత్తకండి. నడుము పట్టేస్తుంది, హెర్నియా ఆపరేషను అయినవారికి మరీ ప్రమాదం. స్టాండు కాలు రెండు వైపులా నేలకు ఆనేటట్టు చూసుకుని, దాని మీద కాలుతో ఒంటి బరువంతా వేయండి. చెయ్యి బండిని నిలబెట్టడానికి మాత్రమే. బండి దానంతటదే వెనక్కి ఎక్కుతుంది. గొంతుకు కూర్చోలేనివారు ఒక పీట వేసుకోండి. పీటను నేను పనిముట్ల లెక్కలోనే రాస్తాను. పని ఉదయం చల్లబాటున పెట్టుకోండి, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలికే దూరంలో ఉండాలి.

పనిముట్లు దాచడానికి పెట్టెకంటే మందపాటి గుడ్డసంచి మంచిది. జేబులు కుట్టించి ఒక్కో పానాకు ఒక్కో జేబు పెడితే, సంచి మడిచేటప్పుడే ఏది లేదో తెలుస్తుంది. గ్యారేజీలో షిఫ్టు దిగేముందు పానాలు లెక్కపెట్టేవాళ్లం. ఒక పానా తక్కువైతే అది ఏ బస్సు ఇంజను మీద మిగిలిపోయిందో వెతికేదాకా ఎవరూ ఇంటికి పోయేవారు కాదు. మీరూ లెక్కపెట్టండి. చైను కవరు మీద మరిచిపోయిన 14 పానా నడిచేటప్పుడు చక్రంలో పడితే మనిషి పడిపోతాడు. ఏడాదికోసారి వానాకాలం ముందు పానాలకు పలుచగా ఆయిలు పట్టించండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డుకట్టి దుమ్ము పడుతుంది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. బయట వేపచెట్టు కింద మన సభ్యులొకరి బండి, 2009 మోడలు, సెంటర్ స్టాండు మీద పెట్టించాను. పొద్దుటినుంచి నడపలేదు కాబట్టి ఇంజను చల్లగానే ఉంది. టీ తాగి అక్కడికి రండి. ప్లగ్ విప్పి చూపిస్తాను, బ్రేకు బాణం ఎక్కడుందో మీరే వెతకండి. గాలి గేజి ఒకటే తెచ్చాను, వరుసలో నిలబడి ఎవరి బండి వారు చూసుకోండి. ఎండలో వచ్చిన టైరు కాబట్టి రెండు మూడు పౌండ్లు ఎక్కువ చూపుతుంది, దాన్ని చూసి గాలి తీసేయకండి. రేపు పొద్దున ఇంటి దగ్గర మళ్లీ చూసుకోండి.

సెలవు.